వడపోతలో పోయిన పెంటమ్మ

మా గుండ్లవాగు పట్టణంలో నల్లాలకు తెలివి వచ్చింది.

అంతకుముందు వాటికి తెలివి ఉండేది కాదు. వాల్వుల మనిషి సైకిలు మీద వచ్చి, వీధి మొదట్లో ఇనుప మూత ఎత్తి, పొడుగాటి తాళం తిప్పితే ఆ వీధంతా నీళ్లు వచ్చేవి. మంచివాళ్లకూ వచ్చేవి, చెడ్డవాళ్లకూ వచ్చేవి. అత్తాకోడళ్లకు మాటల్లేని ఇంట్లో ఇద్దరి బిందెల్లోకీ ఒకే నీళ్లు వచ్చేవి. ఇంత విచక్షణ లేని సరఫరా ఒక ఆధునిక పట్టణానికి తగదని కొత్త కమిషనర్ కుముదచంద్ర గారు చార్జి తీసుకున్న వారంలోనే కనిపెట్టారు.

దాంతో ప్రతి ఇంటి నల్లాకూ ఒక ప్లాస్టిక్ డబ్బా బిగించారు. తెల్లవారగానే ఆఫీసులో కంప్యూటరు తనంతట తానే ఆ రోజు నీళ్లకు అర్హులైన వాళ్ల పేర్లు ఏరుకుంటుంది. పేరు వచ్చిన ఇంటి డబ్బా మీద పచ్చ దీపం వెలిగి నల్లా తెరుచుకుంటుంది. పేరు రాని ఇంటికి ఎర్ర దీపం. ప్రారంభోత్సవం రోజున కమిషనర్ గారు, "ఇకపై పౌరుడు నీటికోసం నిరీక్షించడు, నీరే పౌరుడికోసం నిరీక్షిస్తుంది" అన్నారు. చైర్‌పర్సన్ వైజయంతి గారు మొదటి గ్లాసు పట్టుకుని తాగి, "ఎంత తియ్యగా ఉన్నాయో!" అన్నారు. అవి పాత ట్యాంకులోని పాత నీళ్లే. అయినా అందరం చప్పట్లు కొట్టాం. మావారు విఠల్‌రావు గారు ఆ ఆఫీసులో సూపరింటెండెంటు కాబట్టి కాస్త ఎక్కువసేపు కొట్టారు.

మర్నాడు పొద్దున మా వెనక వీధి పెంటమ్మ ఖాళీ బిందెతో మా వాకిట్లోకి వచ్చింది.

పెంటమ్మ సర్వపిండి, సకినాలు చేసి అమ్ముతుంది. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ, పక్కపక్కన నిలబడి నీళ్లు పట్టుకున్న రోజుల్లో ఎప్పుడో వదినా వదినా అనుకోవడం మొదలుపెట్టి అలాగే ఉండిపోయాం.

"వదినె, మీకు పచ్చగ వెలిగిందా?"

"పచ్చగానే వెలిగింది."

"నాకు ఎర్రగ వెలిగింది. ముంగటింటికి పచ్చగున్నది, వెనకింటికి పచ్చగున్నది. నడుమ నేనొక్కదాన్నే ఎర్రగ, దిష్టిబొమ్మ లెక్క."

మావారు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే జవాబు చెప్పారు. "ప్రారంభ దశలో సాంకేతిక లోపాలు సహజం. త్వరలో స్థిరీకరణ జరుగుతుంది."

"ఏం జరుగుతదన్నా?"

"స్థిరీకరణ."

"గది జరిగితె నీళ్లొస్తయా?"

"స్థిరీకరణ జరిగాక ఆ అంశాన్ని పరిశీలిస్తారు."

పెంటమ్మ నావైపు చూసింది. నేను ఆమె బిందె తీసుకుని మా నల్లా కింద పెట్టాను. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నేను నేర్చుకున్న తర్జుమా పద్ధతి అదొక్కటే.

ఒక్క బిందెతో తీరే గొడవైతే ఇంత కథ లేదు. పెంటమ్మకు ఒక్కతే కూతురు, సునంద. నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు తల్లిగారింట్లో జరగాలని పెంటమ్మ ఏడాదిగా కలలు కంటోంది. పాత చీరలు ఉతికి పొత్తిగుడ్డలు చింపి పెట్టుకుంది. గదికి సున్నం వేయించింది. ఎర్ర దీపం సంగతి ఎవరి నోట విన్నదో, సునంద అత్తగారు ఫోన్ చేసింది. "నీళ్లు లేని ఇంట్ల బాలింతను ఎట్ల ఉంచుతవమ్మా? పిల్లకు తానం ఏంతోని పోస్తవు? నీ నల్లా వచ్చిన్నాడు చెప్పు, పంపిస్తం. లేకుంటె కాన్పు ఈడనే అయితది." ఆమె చెడ్డ మనిషేం కాదు. న్యాయమైన మాటే అన్నది. అందుకే పెంటమ్మకు తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం.

కంప్యూటరు గదిలో హిమజ అనే కాంట్రాక్టు ఆపరేటరు కూర్చుని ఉంది. రెండేళ్ల పిల్ల తల్లి. మునిసిపాలిటీలో ఏ పని జరిగినా ఆ అమ్మాయి వేళ్ల మీదుగానే జరగాలి, జరగకపోయినా ఆ అమ్మాయినే అడగాలి. పేరు అడిగి కంప్యూటరులో కొట్టింది. లేదన్నట్టు తల ఊపింది. ఇంటి నంబరు అడిగి కొట్టింది. మళ్లీ తల ఊపింది.

"మీరు లేరమ్మా."

"నేను లేనా?"

"జాబితాలో లేరు."

"ఇగో, ఈడ కూసున్న గద బిడ్డా. కుర్చీ కిర్రుమంటలేదా?"

పక్క బల్ల దగ్గర ఉన్న మావారు కలగజేసుకున్నారు. "కూర్చోవడం వేరు, ఉండటం వేరు పెంటమ్మా. ఉనికిని నిర్ధారించాలంటే క్షేత్రస్థాయి విచారణ జరగాలి."

విచారణ జరిగింది. ఇద్దరు ఉద్యోగులు జీపులో పెంటమ్మ ఇంటికి వచ్చి, ఆమెను గుమ్మంలో నిలబెట్టి ముందు నుంచీ పక్కల నుంచీ ఫొటోలు తీశారు. ఇరుగుపొరుగు వాళ్లను, "ఈమె ఉన్నారా?" అని అడిగారు. ముంగటింటి ముసలాయన, "ఉన్నది, గొంతు పొద్దుగాల్నించి ఇనవడుతనే ఉంటది" అని వాంగ్మూలం ఇచ్చాడు. పోయేముందు చెరో రెండు సర్వపిండులు తిన్నారు. 'సదరు వ్యక్తి భౌతికంగా ఉన్నట్లు ప్రాథమికంగా రుజువైనది' అని నివేదిక ఇచ్చారు. కంప్యూటరు మాత్రం ఒప్పుకోలేదు.

ఎర్ర దీపాలు ఒక్క పెంటమ్మవే కావని అప్పటికి బయటపడింది. ఊళ్లో మరికొందరు పెంటమ్మలకు వెలిగాయి. పెంటయ్యలకు వెలిగాయి. విచిత్రంగా కర్రపని చేసేవాళ్ల ఇళ్లన్నింటికీ కట్టగట్టినట్టు వెలిగాయి. కమిషనర్ గారికి ఎర్ర దీపాల కంటే వాటి గురించి అడిగేవాళ్లు ఇబ్బంది కలిగించారు. దాంతో 'అపరిచిత షరతుల అధ్యయన సంఘం' ఒకటి వేశారు. మావారు సభ్య కార్యదర్శి. హిమజ 'ప్రత్యేక ఆహ్వానితురాలు'. అంటే టీ ఇస్తారు, కుర్చీ ఇవ్వరు.

సంఘం తేల్చినది ఆ రాత్రి అన్నం దగ్గర మావారు నాకు చెప్పారు. కంప్యూటరును మనం అడిగే ప్రశ్నను క్వెరీ అంటారట. ఊళ్లో ఉన్న ఇళ్లన్నీ చూపించు అని అడిగితే అన్నీ చూపిస్తుందట. అలా అడగకుండా, ఫలానావి తప్ప, ఫలానావి తప్ప అని దాని కింద వరసగా షరతులు రాస్తారట. ఆ షరతులే వడపోత. ఆఫీసులో ఏళ్లుగా వాడుతున్న పాత క్వెరీనే ఇప్పుడు నల్లాలకూ తగిలించారట, దానికి అలాంటి షరతులు చీర కుచ్చిళ్లంత ఒత్తుగా ఉన్నాయట. ఎప్పుడెప్పుడో ఎవరెవరో రాశారు. ఏది దేనికోసమో ఇప్పుడున్న వాళ్లెవరికీ తెలియదు.

"మరి ఏ షరతు పెంటమ్మను తీసేసిందో ఎలా కనిపెడతారు?"

"దానికి మేము ఆరు ఉపసంఘాలు ప్రతిపాదించాం. ఈలోగా ఆ హిమజ తొందరపడి కనిపెట్టేసింది."

హిమజ చేసింది పెద్ద విద్యేం కాదు. క్వెరీకి నకలు తీసుకుని, ఒక్కో షరతూ తీసి, పెంటమ్మ వచ్చిందా అని చూసుకుంటూ పోయింది. పప్పులో ఉప్పెక్కువైందో పులుపెక్కువైందో తెలియనప్పుడు కాస్త కాస్త గిన్నెలోకి తీసుకుని చూడమా, అలాగ. ఒక షరతు తీయగానే పెంటమ్మ వచ్చేసింది. ఆమె వెనకే మిగతా పెంటమ్మలూ పెంటయ్యలూ కర్రపనివాళ్లూ బిలబిలా వచ్చేశారు.

ఆ షరతు ఇదీ: పేరులో గానీ, వృత్తిలో గానీ, చిరునామాలో గానీ ఎక్కడైనా 'పెంట' అన్న అక్షరాలు కనబడితే ఆ ఇంటిని వదిలేయాలి.

"కర్రపనివాళ్లేం చేశారు?" అన్నాను.

మావారు మజ్జిగన్నం కలుపుతూ, "వాళ్ల వృత్తి దగ్గర కార్పెంటర్ అని రాసి ఉంది" అన్నారు. "మధ్యలో చూడు."

చూశాను. కా-ర్-పెంట-ర్. నాకు నవ్వాగలేదు. మావారికి నవ్వు రాలేదు. సభ్య కార్యదర్శి కదా.

మర్నాడు హిమజ, "సార్, ఈ ఒక్క లైను తీసేస్తే సరిపోతుంది" అందట. కమిషనర్ గారు ఉలిక్కిపడ్డారట. "ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియకుండా ఎలా తీస్తావమ్మా? ప్రభుత్వంలో అర్థం కాని వాక్యమే అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం. ముందు మూలాన్ని అన్వేషించాలి."

మూలం బెంగళూరులో దొరికింది. ఆ షరతు రాసిన కుర్రవాడు ఇప్పుడు అక్కడ ఒక కంపెనీలో ఉన్నాడు. నేనూ పెంటమ్మా ఆఫీసులో ఉండగానే ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు.

"ఆ షరతు నువ్వే పెట్టావా?" అన్నారు కమిషనర్ గారు.

"నేనే సార్. అప్పటి కమిషనర్ గారు పెట్టించారు. రివ్యూ మీటింగులో అందరి ముందూ అరిచారు సార్, డేటా నిండా పెంట ఉంది, రేపు పొద్దుటికల్లా పెంటంతా తీసెయ్యకపోతే నిన్ను తీసేస్తా అని. వెతికాను. నిజంగానే చాలా ఉంది. తీసేశాను."

కమిషనర్ గారు ఫోనుకు దగ్గరగా జరిగారు.

"ఇంకేమైనా తీశావా?"

"చెత్త కూడా తీయమన్నారు సార్. అది వెతికాను గానీ దొరకలేదు."

పెంటమ్మ ఫోను దగ్గరకు వంగింది. "బిడ్డా, నీ పేరేందో గానీ, చల్లగుండు. పెంటంటె మా అవ్వ పెట్టిన పేరురా. నాకంటె ముంగట నలుగురు పుట్టి పోయిండ్రు. నేను పుట్టంగనే చాటల ఏసి పెంటకుప్ప మీద పండవెట్టింది. పక్కింటామె ఎత్తుకొచ్చి ఇచ్చింది. ఎవ్వలికీ అక్కెర లేని పిల్ల అనుకొని యముడు నన్ను ముట్టలే. యముని కండ్లు గప్పనీకె పెట్టిన పేరు మీ మిషన్ కండ్లు గూడ గప్పిందా?"

"సారీ ఆంటీ" అన్నాడు కుర్రవాడు. లైను కట్టయింది.

మూలం దొరికింది కాబట్టి ఇక తీసేయవచ్చని మేం అనుకున్నాం. కమిషనర్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఇప్పుడు విషయం మరింత జటిలమైంది. ఇది ఒక ఉన్నతాధికారి మౌఖిక ఆదేశం. రాతపూర్వక ఆదేశాన్ని రాతతో రద్దు చేస్తాం. మౌఖిక ఆదేశాన్ని ఆ నోటితోనే రద్దు చేయించాలి."

"ఆ నోరు ఇప్పుడు ఎక్కడుంది సార్?" అన్నాను.

మావారు నన్ను కళ్లతో వారించారు. ఆ నోరు రిటైరై ఏదో ఆశ్రమంలో చేరిందని, ప్రస్తుతం మౌనవ్రతంలో ఉందని వారం తర్వాత తేలింది. మరో పది రోజులు గడిచాయి. సునంద అత్తగారు రెండోసారి ఫోన్ చేసింది. డాక్టరు ఇచ్చిన తారీకు దగ్గరపడుతోంది. పెంటమ్మ రోజూ మా ఇంట్లో నీళ్లు పట్టుకుంటూనే ఉంది. "వదినె, నా బిడ్డ వచ్చినంక నీ ఇంట్లకెల్లి బాలింతకు నీళ్లు మోసుడు బాగుంటదా చెప్పు" అంది ఒకరోజు. బాగుంటుందని నేను అన్నాను. బాగుండదని ఇద్దరికీ తెలుసు. కట్టుకున్న ఇంట్లో, సున్నం వేయించిన గదిలో, తన నల్లా నీళ్లతో కూతురికి పురుడు పోయాలని ఆమె కోరిక. అందులో ఎక్కువ అడిగిందేం లేదు.

ఇంతలో కర్రపనివాళ్లకు నీళ్లు వచ్చేశాయి. వాళ్లలో ఒకాయన ఓపిక నశించి, నా వృత్తి వడ్రంగి అని రాసుకోండి అని అర్జీ పెట్టాడు. రాశారు. మర్నాడే పచ్చ దీపం వెలిగింది. సాయంత్రానికి ఊళ్లో కార్పెంటర్ అన్నవాడు లేకుండా పోయాడు, అందరూ వడ్రంగులైపోయారు.

కమిషనర్ గారికి జ్ఞానోదయమైంది. అత్యవసర సమావేశం పెట్టి, "సమస్య వడపోతలో లేదు. వడపోయబడుతున్న వారిలో ఉంది" అని ప్రకటించారు. వడపోతను మార్చలేం. పేర్లను మార్చగలం. 'సామూహిక పునర్నామకరణ మహోత్సవం' జరపాలని తీర్మానించారు. మొదట మహిళలకు, వచ్చే నెల పురుషులకు.

మావారికి ఉయ్యాల సేకరణ బాధ్యత అప్పగించారు.

"ఉయ్యాల ఎందుకండీ? వాళ్లు ముసలమ్మలు కదా" అన్నాను.

"బారసాల నిబంధనల ప్రకారం నామకరణానికి ఉయ్యాల తప్పనిసరి. సైజు గురించి నిబంధనల్లో లేదు. అదే చర్చ నడుస్తోంది."

నిబంధనల్లో ఇంకా చాలా ఉన్నాయి. పేరును చెవిలో చెప్పవలసింది మేనత్త. ఆ పెంటమ్మల మేనత్తలు చాలామంది కాలం చేశారు. అందుకని హిమజను 'ఇన్‌చార్జి మేనత్త'గా నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అదనపు జీతం లేదు. ఆ అమ్మాయి ఉత్తర్వు చదువుకుని, "మా ఇంట్లో మా అన్న కూతురి బారసాలకే నన్ను మేనత్తగా పిలవలేదండీ" అని నా దగ్గర వాపోయింది.

కొత్త పేరు ఎవరికి వారే ఎంచుకోవచ్చన్నారు. ముందురోజు సాయంత్రం పెంటమ్మలందరూ హిమజ చుట్టూ చేరారు. ఒకామె స్వర్ణలత అంటానంది. ఒకామె తన మనవరాలి పేరు పెట్టుకుంటానంది. మా పెంటమ్మ అడ్డం పడింది.

"ఆగుండ్రి. బిడ్డా, గీ స్వర్ణలతకు నీళ్లొస్తయని గ్యారంటి ఉన్నదా?"

హిమజ నిజం చెప్పే రకం. "గ్యారంటీ ఇవ్వలేనమ్మా. షరతులు బోలెడున్నాయి. నాకు అర్థమైనవి కొన్నే. ఏ పేరు దేనికి తగులుతుందో రేపు పొద్దున చూస్తేగానీ తెలియదు."

"అయితె గిది చెప్పు. ఊళ్లె ఆడోళ్ల పేరు మీదున్న ఇండ్లల్ల ఒక్కనాడు గూడ ఎర్ర దీపం ఎలగనిది ఎవలది?"

హిమజ కొట్టి చూసింది. "చైర్‌పర్సన్ వైజయంతి గారిది."

పెంటమ్మ చుట్టూ ఉన్నవాళ్లను చూసింది. "ఇన్నరు గద?"

మహోత్సవం టౌన్ హాల్లో జరిగింది. వడ్రంగులు చేసిన పెద్ద టేకు ఉయ్యాలకు బంతిపూలు చుట్టారు. పేరు పిలవగానే ఒక్కొక్కరే వెళ్లి ఉయ్యాలలో కూర్చోవాలి. ఇద్దరు సిబ్బంది ఒక్క ఊపు ఊపుతారు. పురోహితుడు మంత్రం చదువుతాడు. ఇన్‌చార్జి మేనత్త చెవిలో పేరు చెబుతుంది. మైకులో మావారు ప్రకటిస్తారు.

"మొదటి శిశువు," అన్నారు మావారు. కాగితంలో అలాగే ఉంది మరి. "నూతన నామం, వైజయంతి."

చప్పట్లు మోగాయి. వేదిక మీద ఉన్న వైజయంతి గారు చీర కొంగు సర్దుకుని నవ్వారు.

"రెండవ శిశువు. నూతన నామం, వైజయంతి."

మూడవ శిశువు వైజయంతి. నాలుగవ శిశువుకు మోకాళ్ల నొప్పులు, ఉయ్యాలలోంచి లేవడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. ఆమె కూడా వైజయంతి. మావారు కాగితం ఒకసారి తిప్పి చూసుకున్నారు గానీ ప్రకటన ఆపలేదు. చివరికి వైజయంతి గారు మైకు తీసుకున్నారు. కళ్లు తుడుచుకున్నారు. "నేను ఇన్నాళ్లుగా చేసిన సేవను ఇంతమంది ఆడపడుచులు ఇలా గుండెల్లో పెట్టుకుంటారని కలలో కూడా అనుకోలేదు. మీరందరూ నేనే. నేనే మీరందరూ" అన్నారు. ఆ మాటలోని నిజం ఆమెకు మర్నాడు తెలిసింది.

ఇంటికి నడిచి వస్తుంటే పెంటమ్మ తలలో బంతిపువ్వు రేకులు ఇంకా ఉన్నాయి.

"ఏం వదినా, కొత్త పేరు ఎలా ఉంది?"

"బాగనే ఉన్నది. నోరు నిండ ఉన్నది." కొంచెం దూరం వెళ్లాక, "మా అవ్వకు తెలిస్తె ఏమంటదో" అంది. తర్వాత తనే, "ఏమంటది, బిడ్డ కాన్పుకు గద, మార్చుకో అంటది" అని తనకు తానే చెప్పుకుంది.

మర్నాడు పొద్దున పెంటమ్మ ఇంట్లో మళ్లీ ఎర్ర దీపం వెలిగింది. ఊళ్లో ఉన్న కొత్త వైజయంతులందరికీ ఎర్ర దీపమే. పాత వైజయంతి గారికి కూడా.

క్వెరీలో హిమజకు కూడా తెలియని షరతు ఒకటి ఉంది. ఒకే రోజున ఒకే పేరుతో ఎక్కువ మంది కొత్తగా చేరితే అదేదో మోసమని అనుమానించి, ఆ పేరున్న ఇళ్లన్నీ ఆపేయాలి. పెట్టినవాళ్లు మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు.

ఆ రోజు శుక్రవారం. వైజయంతి గారు తలంటుకుంటున్నారు. కుంకుడు రసం పోసుకుని నురగ పట్టించాక నల్లా తిప్పితే నీళ్లు రాలేదు. మేడ మీద ట్యాంకు లేదా అంటే, ఎప్పుడూ నీళ్లు ఆగని ఇంటికి ట్యాంకెందుకని కట్టించుకోలేదు.

మేం ఆఫీసుకు వెళ్లేసరికి ఆమె కారు దిగుతున్నారు. నెత్తికి తువ్వాలు, తువ్వాలు కిందినుంచి చెంపల మీదికి నురగ, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి ఉంది. తెరిచిన కన్ను ఎర్రగా ఉంది.

"కమిషనర్! ఏందయ్యా ఇది?"

కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. "మేడమ్, అది వడపోత షరతు. దాని మూలాన్ని అన్వేషించి..."

"నా కండ్లు మండుతున్నయ్."

"ఉపసంఘం నివేదిక రాగానే... ఆ షరతు ఏ అధికారి మౌఖిక ఆదేశమో తెలియదు. ఒకవేళ మౌనవ్రతంలో ఉన్న..."

"కుంకుడు రసం ఎవరి కండ్లల్ల పడ్డది? మౌనవ్రతంల ఉన్నాయన కండ్లల్లనా? నా కండ్లల్లనా?"

కమిషనర్ గారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆ క్షణంలో ఆయన సర్వీసు మొత్తం ఆయన ముఖం మీద నడిచి వెళ్లింది. "హిమజా, ఆ లైను తీసెయ్!"

"ఏ లైను సార్? మోసం లైనా, పెంట లైనా?"

"ఏ లైనుంటే ఆ లైను తీసెయ్యమ్మా! అన్నీ తీసెయ్!"

హిమజ రెండోసారి అడగలేదు. వేళ్లు ఎంత వేగంగా కదిలాయంటే, ఈ పని మనసులో ఎన్నిసార్లు చేసుకుందో తెలిసిపోయింది. ఇన్ని వారాల అధ్యయనం, ఆరు ఉపసంఘాలు, ఒక ఉయ్యాల, ఒక మేనత్త అక్కరలేకుండా పని అయిపోయింది. పెంటమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆఫీసు వెనకాల ఎక్కడో ఒక నల్లా బుసకొట్టింది. తర్వాత ధార పడిన చప్పుడు.

వైజయంతి గారు ఆ చప్పుడు వచ్చిన వైపు పరుగెత్తారు. పెంటమ్మ ఇంటివైపు పరుగెత్తింది.

ఆ రోజు ఊళ్లో నల్లాలన్నీ తెరుచుకున్నాయి. మూతపడిన సినిమా హాల్లో నీళ్లు వచ్చాయి. కూలగొట్టిన పాత బస్టాండు గోడ పక్కన విరిగిన పైపులోంచి వచ్చాయి. ఎవరూ లేని ఇళ్లకు వచ్చాయి, ఎప్పుడూ రాని ఇళ్లకు వచ్చాయి. ఎవరికి రావాలో తేల్చేవాళ్లు లేకపోవడంతో అందరికీ వచ్చాయి. కమిషనర్ గారు దీనికి 'వివక్షారహిత జల సౌలభ్య పథకం' అని పేరు పెట్టి పై అధికారులకు నివేదిక పంపారు. అభినందన లేఖ కూడా వచ్చింది. డబ్బాలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు అన్నిటి మీదా ఎప్పుడూ పచ్చ దీపమే.

సునంద వచ్చింది. వచ్చిన నాలుగో రోజునే నొప్పులు మొదలయ్యాయి. ఆడపిల్ల. అత్తగారు చూడవచ్చి, నల్లా తనే తిప్పి, నీళ్లు పడటం కళ్లారా చూసి, "బాగనే వస్తున్నయ్" అని ఒప్పుకుంది.

పుట్టిన నమోదుకు పెంటమ్మ నన్ను తోడు తీసుకుని ఆఫీసుకు వెళ్లింది. హిమజ నవ్వుతూ, "పాప పేరేంటమ్మా?" అంది.

"గదే అడుగుదామని వచ్చిన బిడ్డా. ముందుగాల నీ మిషన్ను అడుగు, ఏ పేరంటె దానికి గిట్టదో. గవి ఇడిచిపెట్టి మిగిలిన దాంట్లకెల్లి పెట్టుకుంటం."

హిమజ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మా వెనక తలుపు దగ్గర కమిషనర్ గారు నిలబడి ఉన్నారని మాకు తెలియదు. ఆయన నవ్వలేదు. ఆయన ముఖంలో ఏదో వెలుగు కనిపించింది.

"అద్భుతం! సమస్య తలెత్తాక పరిష్కరించడం కంటే తలెత్తకముందే నివారించడం ఉత్తమ పాలన. విఠల్‌రావు గారూ, రాసుకోండి."

ఆ తర్వాతి సోమవారమే ఆఫీసులో 'నామ పూర్వానుమతి విభాగం' తెరుచుకుంది. పట్టణంలో పుట్టిన ప్రతి శిశువుకూ తల్లిదండ్రులు మూడు ప్రత్యామ్నాయ పేర్లతో దరఖాస్తు చేసుకోవాలి. పరిశీలన కోసం కొత్త షరతులు రాయిస్తున్నారు. విభాగాధిపతి మావారు. పొద్దున తొమ్మిదింటికే చంటిపిల్లలతో వరస కడుతున్నారు.

పెంటమ్మ మనవరాలి దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది. నిన్న పొద్దున వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో పీట మీద కాళ్లు చాపుకుని, పిల్లను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, పెంటమ్మ నూనె మర్దన చేస్తోంది. పక్కన బకెట్లో వేణ్నీళ్లు పొగలు కక్కుతున్నాయి. నల్లా కట్టేయకుండా వదిలేసింది, రెండో బిందె నిండుతోంది.

"నెల దాటుతోంది వదినా, మావారిని గట్టిగా అడగనా? పేరు లేకుండా ఎన్నాళ్లు?"

ఆమె చెంబు ముంచి పిల్ల వీపు మీద నీళ్లు పోసింది. పిల్ల ఉలిక్కిపడింది, తర్వాత హాయిగా ఒళ్లు వదిలేసింది.

"ఏం తొందరలేదు, ఉండనియ్యి వదినె. పేరుంటెనే గద తీసేస్తరు."